ఎవరి రంగు వాళ్లే కలుపుకోవాలి

అమెరికా మనస్తత్వవేత్తలు కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు 1940ల్లో నల్లజాతి పిల్లల మీద కొన్ని పరీక్షలు చేశారు. వాటిలో ఒకటి రంగులు వేయించడం. ఒక కాగితం మీద ఆకు, యాపిల్, నారింజ, ఎలుక, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి గీతలుగా ఉండేవి. పక్కన క్రేయాన్ల డబ్బా. ఆకుకీ పండుకీ సరైన రంగు వేయగల పిల్లలకి, ఆ బొమ్మ నువ్వే అనుకుని నీ రంగు వెయ్యమని చెప్పేవాళ్లు. ముదురు ఛాయ పిల్లల్లో చాలామంది తమ బొమ్మకి తెలుపో పసుపో వేశారు. క్లార్క్ దంపతుల పరిశోధన, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చిన కేసులో సాక్ష్యంగా నిలిచింది.

ఆ తీర్పు బడి తలుపు తెరిచింది. లోపలికి వచ్చిన పిల్ల తన బొమ్మ ఎలా వేసుకోవాలన్న ప్రశ్న మాత్రం డ్రాయింగ్ టీచర్ల ముందు అలాగే ఉండిపోయింది. దాని మీద ఇద్దరి చేత మాట్లాడిస్తున్నాను. ఒకరు గోదావరి ఒడ్డున జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. రెండోవారు ఆయన మేనకోడలు, న్యూజెర్సీలో ప్రభుత్వ బడి పిల్లలకి ఆర్ట్ చెబుతుంది.

మామయ్య: జాతి గురించి నువ్వు పంపిన పాఠం చదివానమ్మా. మింగుడు పడలేదు. నా క్లాసులో నేనెప్పుడూ నీదేం కులమని ఎవర్నీ అడగలేదు. గీత నేర్పాను, వెలుగునీడలు నేర్పాను. కుండ గుండ్రంగా కనపడాలంటే నీడ ఎక్కడ పడాలో అందరికీ ఒకటే సూత్రం. కళకి జాతేమిటి?

మేనకోడలు: కుండ వరకూ మీ మాట నిజమే మామయ్యా. మనిషి ముఖం దగ్గరికొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. క్రేయోలా కంపెనీ 1962 దాకా లేత గులాబీ క్రేయాన్‌నే చర్మం రంగుగా అమ్మింది. పేరు మార్చింది ఆ ఏడాదే. రకరకాల చర్మపు ఛాయలకని 24 క్రేయాన్ల డబ్బా తెచ్చింది 2020లో. జాతిని పట్టించుకోని క్లాసులో కూడా ఏది చర్మం రంగో డబ్బా ముందే తేల్చేసి ఉంది. టీచర్ చూడకపోయినంత మాత్రాన పిల్ల చూడకుండా ఉండదు.

మామయ్య: అయితే రంగులు పెంచండి. డబ్బా మారితే సరిపోయేదానికి జాతి పాఠం దాకా ఎందుకు?

మేనకోడలు: డబ్బాలో సిద్ధంగా ఉంటే పిల్ల ఏరుకుని ఊరుకుంటుంది. అందుకే నేను ఎరుపు, పసుపు, నీలం, తెలుపు మాత్రమే ఇస్తాను. కలిపిన రంగుని ముంజేతి మీద చుక్క పెట్టి పోల్చుకోమంటాను. మొదటి మూడూ కలిస్తే మట్టి రంగు వస్తుంది. పసుపు ఎక్కువైతే వెచ్చబడుతుంది, నీలం ఎక్కువైతే చల్లబడుతుంది. మణికట్టు లోపల ఒక ఛాయ, మోచేతి దగ్గర ఇంకో ఛాయ. పీరియడ్ అయ్యేసరికి తన ఒక్క చేతికే ఎన్ని రంగులు కలపాల్సి వచ్చిందో పిల్లకి తెలుస్తుంది. తెల్లపిల్లాడికీ అంతే, ఉత్త తెలుపు వాడి చేతికీ సరిపోదు.

మామయ్య: ఇది మంచి పాఠం. నేనూ చెప్పేవాణ్ణి, చర్మానికి నలుపు కలపొద్దు, బొమ్మ మురికి పడుతుంది, నీడకి నీలం కలపండి అని.

మేనకోడలు: నాకూ అదే నేర్పారు. తర్వాత కెర్రీ జేమ్స్ మార్షల్ చిత్రాలు చూశాను. ఆయన మనుషుల్ని నిజంగా నలుపుతోనే వేస్తాడు. ఐవరీ బ్లాక్, కార్బన్ బ్లాక్, మార్స్ బ్లాక్, ఒక్కో నలుపుకి ఒక్కో స్వభావం. వాటినే పక్కపక్కన పెట్టి, వేరే రంగులు చేర్చి ముక్కూ చెంపా తేలేలా చేస్తాడు. మురికి పడదు. మ్యూజియంలో నల్లవాళ్లు కనపడకపోవడమేమిటని ఆ నలుపుతోనే నిలదీస్తాడు. 2018లో మిషెల్ ఒబామా చిత్రపటం ఆవిష్కరించారు కదా, దాన్ని వేసిన ఏమీ షెరాల్డ్ చర్మాన్ని బూడిద ఛాయల్లో వేస్తుంది. చూసేవాళ్లు ఒంటి రంగు దగ్గరే ఆగిపోకుండా మనిషి దాకా వెళ్లాలని. ఇద్దరూ నల్లజాతి చిత్రకారులే. దారులు వేరు.

మామయ్య: నా భయం సరిగ్గా అక్కడే ఉంది. ఇద్దరికి రెండు దారులున్నప్పుడు, నువ్వు క్లాసులో నల్లపిల్లని నిలబెట్టి ఆఫ్రికా ముసుగు వెయ్యమనడం న్యాయమేనా? ఆ పిల్ల గుర్రం వేద్దామనుకుని వచ్చిందేమో. మునుపు నీకు చరిత్ర లేదన్నారు. ఇప్పుడు నీకు ఉన్నదల్లా ఈ చరిత్రేనంటే అదీ బందిఖానాయే కదా?

మేనకోడలు: బందిఖానాయే. ఆ తప్పు చాలా బడుల్లో జరుగుతోంది. ఫిబ్రవరి వస్తే నల్లవాళ్ల చరిత్ర, మార్చి రాగానే గోడ మీది బొమ్మలన్నీ అటకెక్కుతాయి. తెలుగు పిల్లని చీర కట్టుకుని వచ్చి ముగ్గు వెయ్యమంటారు. ఆ పిల్లకి ముగ్గు వస్తుందో రాదో ఎవరూ కనుక్కోరు. దీన్ని నేను సమర్థించను. వారసత్వం పిల్లకి అందేలా చూడటం నా పని. దాన్నే వెయ్యమని శాసించడం నా పని కాదు. మార్షల్‌నీ షెరాల్డ్‌నీ చూపిస్తాను, వాళ్లు ఆ రంగులు ఎలా కలిపారో చేయించి చూపిస్తాను. ఆ తర్వాత పిల్ల గుర్రం వేస్తే గుర్రం కండరాలు నేర్పుతాను.

మామయ్య: పనితనం సంగతేమిటి? అస్తిత్వం పేరు చెప్పి వంకర గీతలన్నిటికీ భేష్ అంటే పిల్లలు చెడిపోతారు.

మేనకోడలు: పిల్లల సంస్కృతిని పట్టించుకునే ఈ బోధనకి 1995లో సిద్ధాంతం రాసిన గ్లోరియా లాడ్‌సన్-బిల్లింగ్స్ మూడు షరతులు పెట్టింది. పిల్లలు చదువులో నిజంగా పైకి రావాలి. తమ సంస్కృతిలో నిలబడుతూనే వేరేవాళ్ల సంస్కృతిలో మెలగగలగాలి. లోకంలోని అన్యాయాన్ని ప్రశ్నించగలగాలి. అందరూ మధ్యది పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు. ఆవిడ మొదట పెట్టింది మీరడిగే పనితనాన్నే.

మామయ్య: ఈ మూడూ కుదిరిన చోటు ఎక్కడైనా ఉందా?

మేనకోడలు: న్యూయార్క్‌లోని హార్లెం అనే పేటలో ఉండేది. శిల్పి అగస్టా సావేజ్ 1923లో ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో వేసవి బడికి దరఖాస్తు పెడితే, నల్లజాతి మనిషని అమెరికన్ కమిటీ కాదంది. తర్వాత ఆవిడ హార్లెంలో తానే స్టూడియో తెరిచి పిల్లలకి నేర్పింది. 1937లో హార్లెం కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌కి మొదటి డైరెక్టర్ అయింది. ఆ పేటలోనే జేకబ్ లారెన్స్ అనే కుర్రాడు బడి అయ్యాక చార్లెస్ ఆల్‌స్టన్ క్లాసుకి వెళ్లేవాడు. ఇంట్లో అమ్మ పరిచిన తివాచీల డిజైన్లు చూసి క్రేయాన్లతో వేసుకునేవాడు. ఆల్‌స్టన్ ఆ చూపుని చెరపలేదు. ప్రభుత్వ కళా పథకంలో అతనికి పని ఇప్పించడానికి సావేజ్ వెంటపెట్టుకుని వెళితే, ఇంకా 21 నిండలేదన్నారు. నిండాక మళ్లీ తీసుకెళ్లి ఇప్పించింది.

మామయ్య: ఆ కుర్రాడు ఏం వేశాడు?

మేనకోడలు: అమెరికా దక్షిణాది నుంచి ఉత్తరాదికి లక్షల నల్లవాళ్లు వలస వచ్చిన కథని 60 చిత్రాలుగా వేశాడు, 1941 నాటికి. ముందు లైబ్రరీలో కూర్చుని చరిత్ర చదివాడు. తర్వాత 60 పలకల మీదా గీతలు గీసుకుని, ఒక రంగు తీసుకుంటే అన్ని పలకల మీదా అదే వేసి, ఆ తర్వాతే రెండో రంగు ముట్టాడు. ఆఖరి బొమ్మలో ఎరుపు మొదటి బొమ్మలో ఎరుపే. ఇప్పుడు సగం న్యూయార్క్ మోమా మ్యూజియంలో, సగం వాషింగ్టన్ ఫిలిప్స్ కలెక్షన్‌లో ఉన్నాయి. ఇంతకన్నా పనితనం ఏముంటుంది మామయ్యా?

మామయ్య: లేదు, ఒప్పుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఆల్‌స్టన్, సావేజ్ ఇద్దరూ ఆ పిల్లల జాతివాళ్లు. నువ్వు కాదు. నీకా అర్హత ఉందా?

మేనకోడలు: మీ రాజమండ్రినే అడగండి. ఆర్ట్స్ కాలేజీ ఒకప్పటి ప్రిన్సిపాల్ కూల్డ్రే ఇంగ్లీషువాడు. తర్వాత చిత్రకారులైన దామెర్ల రామారావునీ అడివి బాపిరాజునీ చేరదీసింది ఆయనే. రామారావు బొంబాయి జేజే స్కూల్లో చదివొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. తనది కాని జాతి పిల్లల్లో ఏముందో చూడగలిగిన గురువు కూల్డ్రే. చూడాలంటే చదువుకోవాలి, పిల్లల్ని అడగాలి. అది నాకూ సాధ్యమే.

మామయ్య: ఆ మూడో షరతు పిల్లలకి బరువేమో. అన్యాయం సంగతి చిన్నపిల్లలకెందుకు?

మేనకోడలు: 1992లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు నగిషీల వెండి పాత్రల మధ్య బానిసల ఇనుప సంకెళ్లు పెట్టాడు. రెండూ ఆ సంస్థ దగ్గరున్నవే. లోహపు పనితనం, 1793 నుంచి 1880 అని ఒకే శీర్షిక రాశాడు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఇది చూపించి, ఇవి ఒకేచోట ఎందుకున్నాయని అడిగితే చాలు, మిగతాది పిల్లలే చెబుతారు.

మామయ్య: మరి మన తెలుగు పిల్లలో?

మేనకోడలు: ఎండలోకి వెళ్లకు, నల్లబడిపోతావని ఇంట్లో వినే పిల్ల, నా క్లాసులో తన ముఖానికి తెలుపు ఎక్కువ కలుపుతుంది. పక్కన కూర్చున్న నల్లపిల్లని కూడా ఆ కంటితోనే చూస్తుంది. అది నేనొక్కదాన్నే సరిదిద్దలేను.

ఈ సంవాదంలో నేను మేనకోడలి పక్షం. మామయ్య భయాన్ని కూడా ఆమె మరిచిపోకూడదంటాను. వారసత్వం చూపించని బడి పిల్లకి అన్యాయం చేస్తుంది. దాన్నే నెత్తిన రుద్దే బడి కూడా అన్యాయమే చేస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకి ఒక మనవి. మీ బడిలో ఆర్ట్ క్లాసుకి బడ్జెట్ కోత పడుతుంటే ఆ సమావేశానికి వెళ్లి మాట్లాడండి. నల్లజాతి చిత్రకారుల పాఠం మా పిల్లలకెందుకని మాత్రం అడగకండి. ఇంట్లో పిల్లల ఒంటి రంగు మీద వ్యాఖ్యలు ఇవాళే మానెయ్యండి. ఇక్కడ తెలుగునాట ఉన్న మనకీ ఆ చివరి మాట వర్తిస్తుంది.