దేహదానం చాటి చెప్పడం ఆడంబరమా?

సందేహం: మా నాన్నగారు మరణానంతరం తమ దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలనుకుంటున్నారు. ఆ మాట వాడకట్టు అందరి ముందూ ప్రకటిస్తానంటున్నారు. దహనం లేకపోతే గతులుండవని బంధువులు భయపెడుతున్నారు. దానం గుప్తంగా చెయ్యాలి కదా, ఈ చాటింపు ఎందుకని నాకూ అనిపిస్తోంది. ఏది ధర్మం?
– ఒక పాఠకుడు, మట్టెవాడ, వరంగల్

సమాధానం: గతుల భయం తరచూ వినేదే, ముందు దాన్ని తేల్చేద్దాం. దేహం దొరకనప్పుడు దర్భలతోనో మోదుగతోనో ప్రతిమ చేసి సంస్కారం జరిపే పాలాశవిధి మన కర్మకాండలోనే ఉంది. సన్న్యాసులకూ పసిపిల్లలకూ దహనం లేదు. వీరశైవులు తరతరాలుగా సమాధే చేస్తున్నారు. వీరెవరికీ గతుల్లేవని చెప్పే ధైర్యం ఏ శాస్త్రానికీ లేదు. మీరు దినాలు శ్రద్ధగా చెయ్యండి, చాలు.

అసలు ఆలోచించవలసింది మీ రెండో మాట. దానం గుప్తంగా ఉండాలన్నది పుచ్చుకునేవాడు నలుగురిలో చిన్నబోకుండా ఉండాలని, ఇచ్చేవాడికి గర్వం తలకెక్కకూడదని. దేహదానంలో చిన్నబోయేవాడు లేడు. కీర్తిని అనుభవించడానికి ఇచ్చినవాడూ ఉండడు. పైగా ఇక్కడ దేహంతో పాటు ఇంకొకటి కూడా ఇస్తున్నారు. అది చూసేవాళ్లకు ధైర్యం. గుట్టుగా చేస్తే ఆ రెండోది ఎవరికీ అందదు. పెద్దలు నడిచిన దారినే లోకం నడుస్తుందని గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది ఇందుకే. నడక కనపడకపోతే వెనక ఎవరు వస్తారు?

దీనికి మీ ఊరే సాక్ష్యం. కాళోజీ నారాయణరావు 2002 నవంబరు 13న కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మీరు చెప్పిన ఆ కాలేజీకే అప్పగించారు. పద్మవిభూషణుడు, ప్రజాకవి, ఊరంతా కదిలివచ్చే దహనయాత్ర ఆయనకు కష్టం కాదు. అంతటి మనిషి దేహం వైద్యవిద్యార్థుల బల్లమీదికి వెళ్లిందన్న సంగతి, ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా పోని జంకును సడలిస్తుంది. అదే ఆయన రహస్యంగా చేసి ఉంటే, ఈరోజు మీ నాన్నగారు మీ బంధువులకు ఎవరి పేరు చూపించగలిగేవారు?

చెడు కూడా ఇలాగే పాకుతుంది, దాన్ని ఎవరూ చాటింపు అనరు. ధనిష్ఠాపంచకంలో పోయారని ఒక ఇంటివాళ్లు నెలల తరబడి తాళం వేసి వెళ్లిపోతారు. ఆ తాళం వీధి వీధికీ భయాన్ని బోధిస్తుంది. మరుసటి ఏడు పక్కింటివాళ్లు, నమ్మకం లేకపోయినా, నలుగురూ ఏమంటారోనని తాళం వేస్తారు. అద్దె కొంపల్లో ఉండేవాళ్లను శవంతో సహా వీధిలో నిలబెట్టే క్రూరత్వం కూడా ఇలా చూసి నేర్చుకున్నదే. మూఢత్వం ఇంత బాహాటంగా తిరుగుతుంటే, మంచిపని మాత్రం మొహం చాటేసుకోవాలా?

కీర్తికాంక్షతో ప్రకటించేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. సంతకం చేసి ఫొటో వేయించుకుని, ఇంట్లోవాళ్లకు మాత్రం చెప్పకుండా పోయేవాళ్లూ ఉన్నారు. ఆ దోషం వాళ్ల మనసుది, ప్రకటనది కాదు. మనసు శుద్ధి అయ్యేదాకా మంచిపని ఆపమంటే లోకంలో ఒక్క సత్రం కూడా లేచేది కాదు. పాలకులకూ ఈ మర్మం తెలుసు. అవయవదాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరుపుతామని తమిళనాడు 2023 సెప్టెంబరులో ప్రకటించింది. పోయినవారికి ఆ వందనంతో పనిలేదు. అది చూస్తున్నవారి కోసం.

కాబట్టి మీ నాన్నగారిని ఆపకండి, ఆయన పక్కన నిలబడండి. అంగీకార పత్రం మీద మీరూ సంతకం చెయ్యండి, ఎందుకంటే ఆ రోజున కాలేజీకి కబురు పెట్టవలసింది వారసులే. మీలో ఒక్కరు అడ్డుపడినా ఆయన సంకల్పం ఆగిపోతుంది. నలుగురిలో ప్రకటించమనడానికి ఇదీ ఒక కారణం: అందరూ విన్న మాటను బంధువులు ఆ గడియలో కాదనలేరు. కళ్లు ఇవ్వదలిస్తే ఆరు గంటల లోపే తీయాలి, ఆ సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.