బాటను కాపాడుట శరణుల కాయకము



బసవేశ్వరుడు స్థావరమునకన్న జంగమమునకే పెద్దపీట వేసెను. నిలిచియున్న గుడికన్న నడచివచ్చు శరణుడే ఆయనకు శివస్వరూపుడు. నడచివచ్చువానికి దారి యుండవలెను గదా! గుడికి సున్నము వేయుటకై చందాలు పోగుచేయు గ్రామము, ఆ గుడి ముందటి మోకాలిలోతు గుంతను చూచి తప్పుకొనిపోవుట ధర్మమనిపించుకొనునా? ప్రసవవేదన పడుచున్న తల్లికొరకు వచ్చిన 108 బండి ఊరిబయటనే ఆగిపోయినచో, ఆ పాపము ఎవ్వరిది?

పండ్రెండవ శతాబ్దమున సొన్నలిగెలో సిద్ధరాముడు చెరువు త్రవ్వించెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, పనిలో ‘నాది’ యను భావము మిగిలినచో మేలైన పనియు బంధమే యగునని బోధించినట్లు శరణచరిత్రలు చెప్పుచున్నవి. ఈ బోధ బాటకును వర్తించును. క్రొత్త రోడ్డు వేయించినవారికి శిలాఫలకము గలదు. గుంత పూడ్చినవారికి ఏదీ? పని చక్కగా కుదిరినచో అచ్చట గుంత యుండెనన్న గుర్తు సైతము మిగులదు. కావుననే మరమ్మతు అహంకారమునకు తావులేని కాయకము.

‘రోడ్డు సర్కారువారిది, ఊరివారి కేమి పని?’ అనువారు కలరు. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో, రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేండ్లు దానిని చూచుకొనవలెనను నియమమున్నది. ఆరవయేటినుండి చూచువారెవరు? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొనెను. అందు రోడ్లు, కల్వర్టులు కలవు. సాముదాయక ఆస్తుల నిర్వహణయు కలదు. నిధులకై అడుగుట, లెక్క చూచుట, బాటను కాచుకొనుట – మూడును గ్రామస్థుల విధులే.

అయితే భక్తి యొక్కటి చాలదు, పని తెలియవలెను. మట్టిబాటకు మొదటి శత్రువు నీరు. 3.75 మీటర్ల వెడల్పు గల మొరము బాటకు అంచులకన్న నడుమ సుమారు 7 సెంటీమీటర్లు ఎత్తుండవలెను. అప్పుడే వాననీరు ఇరుప్రక్కలకు జారును. తొలకరికి ముందే ప్రక్కకాలువలలోని పూడిక తీయవలెను, తూములలోని చెత్త తొలగింపవలెను. గుంతలో వట్టి మన్ను పోసినచో తొలివానకే కొట్టుకొనిపోవును. నిలిచిన నీటిని, బురదను తీసివేసి, అంచులను నిలువుగా చెక్కి, తడిపి, మొరమును పొరలుపొరలుగా పోసి దిమ్మిసతో గట్టిపరుపవలెను. ఇది కొలదిదినములలో నేర్వదగిన విద్యయే. ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, మేఘాలయ రాష్ట్రములలో స్వయంసహాయక సంఘముల స్త్రీలు శిక్షణ పొంది, ప్రతిఫలము గైకొని గ్రామీణ రోడ్లను నిర్వహించిరి.

ప్రతిఫలమను మాటను మరువరాదు. పూర్వము ఊరిబాట పని పేదల నెత్తిన వెట్టిగా పడెడిది. వెట్టి కాయకము కాదు. రెక్కాడినగాని డొక్కాడనివానికి కూలి ఇచ్చుట న్యాయము. కలిగినవాడు తన ట్రాక్టరుతో మొరము తోలించుట దాసోహము. ఇనుప కేజీవీల్సుతో బాటను చీల్చుచు పోయి, తన మడికి నీరు పెట్టుటకై రోడ్డునకు అడ్డముగా గండి కొట్టి, అటుపిమ్మట విభూతి ధరించి శివపూజకు కూర్చుండుట ఇష్టలింగమునకు ప్రీతి యెట్లగును? బాటను పాడుచేయకుండుట మొదటి సేవ, బాగుచేయుట రెండవది.

మఠములు పూనుకొన్నచో ఇది కష్టము కాదు. ఏటేట తొలకరికి ముందు ఒక్కదినము ఊరివారినందరిని పిలిచి, తెలిసిన ఇంజనీరుచేతగాని మేస్త్రీచేతగాని పని నేర్పించి, గడ్డపార పట్టినవాడును పీఠముపై నున్నవాడును ఒకేపంక్తిలో ప్రసాదము స్వీకరింపవలెను. అనుభవమంటపమున కులవృత్తుల ఎక్కువతక్కువలు తొలగినది ఇట్టి సహపంక్తులకొరకే గదా! అటుపిమ్మట ఆ బాటవెంట ఎవరు నడచివచ్చినను, వారి అడుగునకు గుచ్చుకొనని ప్రతి రాయియు బసవన్నకు అర్పించిన పుష్పమే యగును.