ఆ పాట ఎవరి కొరకు?



మార్చి నెల వచ్చినది మొదలు మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో తెల్లవారక మునుపే ఒక పక్షి పాడుట మొదలుపెట్టును. ఇంటి కొప్పుమీదనో, కరెంటు స్తంభముమీదనో కూర్చుండి, తోక నిక్కించి, ఈల వేసినట్లు చాలసేపు పాడును. మగపక్షికి తల, వీపు, రొమ్ము నిగనిగలాడు నలుపు, పొట్ట తెలుపు, రెక్కమీద పొడవైన తెల్లని చార. ఆడపక్షికి నలుపున్నచోట బూడిదరంగు. పుస్తకములలో దీని పేరు పెద్ద నలంచి. నలుపు తెలుపులనుబట్టి ఇంగ్లీషువారు మాగ్‌పై రాబిన్ అందురు. బంగ్లాదేశమునకు ఇదే జాతీయ పక్షి. జూలై దాటిన తరువాత చాలవరకు ఊరకుండును.

ఈ పాట విని మనము సంతోషింతుము. "పిట్ట దేవుని స్తుతించుచున్నది" అని పెద్దలు పిల్లలకు చెప్పుదురు. పొలమునకు పోవు రైతు దానిని తనకొక మేలుకొలుపుగా ఎంచును. అయితే ఓపికతో దానిని కనిపెట్టినవారు చెప్పు సంగతి వేరు. ఆ పాటలో ముఖ్యముగా రెండు పనులున్నవి. ఆడపక్షిని పిలుచుట ఒకటి. "ఈ పెరడు నాది, ఇటు రావద్దు" అని తోటి మగపక్షులను హెచ్చరించుట రెండవది. ఇంకొక మగపక్షి హద్దు దాటినయెడల పాట పోట్లాటగా మారును. మోటారు సైకిలు అద్దములో తన రూపమే చూచి, శత్రువనుకొని పొడుచుటయు కలదు. మనము కీర్తన అనుకొన్నది, ఒక విధముగా, గట్టుమీద నిలిచి హద్దు చెప్పుకొను రైతు కేకవంటిది.

ఇట్లయితే మనము ఇన్నాళ్లు వినుచున్నదేమి? ఆ మాధుర్యమంతయు మన భ్రమయేనా? కొందరు, "అది వట్టి జగడమే, మిగిలినదంతయు కవుల మాట" అందురు. మరికొందరు, "ఆ సంగతి మాకు చెప్పవద్దు, మా సంతోషము పోవును" అందురు. ఈ రెండును సరికావని మా తలంపు. ఏలయనగా ఇరుపక్షములవారును పాట మన కొరకే ఉండవలెనని కోరుచున్నారు. మన కొరకు కానియెడల దానికి విలువలేదని ఒకరు. విలువ పోకుండునట్లు మన కొరకే అని నమ్ముకొందుమని మరియొకరు. మనుష్యులు లేని ఎడారిలో కురియు వానను గూర్చి దేవుడు యోబును ప్రశ్నించిన సంగతి ఆ గ్రంథము 38వ అధ్యాయములో ఉన్నది. ఆ వానవలన ఏ రైతుకును పంట లేదు. అయినను అది వ్యర్థమని దేవుడు ఎంచలేదు.

ఇది ఊరక మాటల వాదము కాదు. పాట మన కొరకే అనుకొనువాడు దానిని ఇంటిలో దాచుకొనవలెననుకొనును. సింగపూరులో 1920 ప్రాంతమున ఈ పక్షి విరివిగా ఉండెడిది. 1970 నాటికి అరుదైపోయెను. పాటకొరకు పట్టి పంజరములలో పెట్టుట అందుకు ఒక కారణము. బయటి దేశమునుండి వచ్చిన గోరువంకల పోటీ మరియొకటి. పాటను ప్రేమించినవారే పాట వినబడకుండ చేసిరి. మన దేశములో అడవి పక్షులను పట్టి పంజరములో పెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

మన పల్లెలలో చిక్కు వేరు. ఈ పక్షి చెట్టు తొర్రలోనో, గోడ కంతలోనో, చూరు క్రిందనో గూడు కట్టి నాలుగైదు గుడ్లు పెట్టును. ఆడపక్షి పొదుగును, తల్లిదండ్రులు ఇద్దరును పురుగులు తెచ్చి పిల్లలను మేపుదురు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన చెట్లను కూల్చినవి. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమాయెను. మట్టిగోడలు పోయి శ్లాబు ఇండ్లు వచ్చుచున్నవి. ఇది మంచిదే. గాలివానలో కప్పు ఎగిరిపోయిన తల్లితో, పిట్టకొరకు మట్టిగోడ ఉంచుమని చెప్పుటకు ఎవరికిని నోరు రాకూడదు.

అయినను మనకు ఏ బాధ్యతయు లేదా? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ చూడుడి. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడువవలెను. ఆ పక్షి పాడునా, పాడదా అని ధర్మశాస్త్రము అడుగలేదు. మనుష్యుని అవసరమును త్రోసివేయలేదు. దానికి ఒక హద్దు పెట్టెను. ఈ కొలత నేటికిని సరిపోవును. ఎండిన కొబ్బరి మోడు ఒక విధవరాలికి నెల దినముల వంటచెరకు. ఆమెమీద ఈ భారము వేయకూడదు. యాబది చెట్లున్న ఆసామి మాత్రము ఒక మోడును జూలై వరకు నిలువనిచ్చినందున నష్టపడడు. శ్లాబు ఇంటివారు పిల్లికి అందనంత ఎత్తున, చూరు క్రింద, కంత పెట్టిన చెక్కపెట్టె కట్టవచ్చును. ఈ పక్షి అట్టి పెట్టెలలోనికి వచ్చును. పిల్లల చేతిలోని ఉండేలును మాన్పించుటకు ఖర్చే లేదు.

టెక్కలి దగ్గరనున్న తేలినీలాపురమును చూడుడి. ఏటేట సెప్టెంబరు ప్రాంతమున పెలికాన్ అనబడు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును వచ్చి, ఇండ్ల మధ్యనున్న చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకమునుపు పోవును. అవి మధురముగా పాడవు. చేపల కంపు, రెట్టలు ఊరివారి పాలు. అయినను ఆ ఊరివారు తరతరములుగా వాటిని కాపాడుచున్నారు. వాటి రాక శుభమని వారి నమ్మకము; అందులో స్వలాభాపేక్ష కొంత ఉండవచ్చును. కాని రోజూ కంపును సహించుట నమ్మకముకంటె బరువైన పని.

పెద్ద నలంచి మన పెరటిని తనదని పాడుచున్నది. పట్టాలో మన పేరున్నది. భూమి తనదనియు, మనము దానిలో అతిథులవంటివారమనియు దేవుడు తెలిపినట్లు లేవీయకాండము 25వ అధ్యాయములో చదువుచున్నాము. కాబట్టి హద్దు చెప్పుకొను ఇద్దరిలో ఎవరును యజమానులు కారు. ఈ వేసవిలో మోడు కొట్టించువారు గొడ్డలి ఎత్తకమునుపు, తొర్రలోనికి పక్షి వచ్చుచు పోవుచు ఉన్నదేమో రెండు దినములు కనిపెట్టి చూడవలెనని మా మనవి.