చూసినవాడి రుణం

సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలంతా తలలు దించుకున్నప్పుడు విదురుడు ఒక పాత కథ ఎత్తుకుంటాడు. విరోచనుడు, సుధన్వుడు ప్రాణాలు పందెం కాసి, ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చమని ప్రహ్లాదుడి దగ్గరికి వస్తారు. విరోచనుడు ఆయన కొడుకే. ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి సలహా అడుగుతాడు. తెలిసి కూడా ఆశతోనో కోపంతోనో భయంతోనో చెప్పనివాడి మీద వెయ్యి వరుణపాశాలు పడతాయనీ, అవి ఏడాదికొకటి చొప్పున ఊడతాయనీ కశ్యపుడు అంటాడు. ప్రహ్లాదుడు కొడుకును కాదని తీర్పు చెప్పాడు.

అక్కడ ద్రౌపది అడిగింది. ఎవరూ అడగకపోతే? చూడమని చెప్పింది ఒకటి, కంట పడింది ఇంకొకటి అయితే?

కొత్తగూడెం పద్మావతి ఖని ఐదో ఇంక్లైన్ బొగ్గుబాయిలో సర్దార్‌గా పనిచేసి రిటైరైన నాకు ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ తేలింది. హైదరాబాద్‌లో కీమోతో పాటు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. బల్ల మీద చేతులు తలపైకి పెట్టుకుని పడుకుంటే, కరెంటు ఇచ్చే ముందు మిషన్ చేయి నిమిషం పాటు చుట్టూ తిరిగి ఛాతీ లోపలి బొమ్మ తీస్తుంది. దాన్ని మొదట తీసిన సీటీ బొమ్మతో సరిపోల్చి, బల్లను మిల్లీమీటర్ల లెక్కన జరుపుతారు. ఆ బొమ్మ పని అంతే. గడ్డ ఉండాల్సిన చోట ఉందా, లేదా?

రెండో వారంలో ఒకరోజు టెక్నీషియన్ అమ్మాయి కరెంటు ఇవ్వకుండానే లోపలికి వచ్చింది.

"తాతా, దగ్గేమన్నా ఎక్కువైందా? రాత్రి జ్వరం వచ్చిందా?"

"లేదు బిడ్డా. జర నీరసం, అంతే."

ఆమె ఇంకేమీ అనకుండా డాక్టర్‌ను పిలిచింది. తర్వాత డాక్టర్ నాకు తెర మీద చూపించారు. మొన్నటి బొమ్మలో కుడి ఊపిరితిత్తి అడుగు నల్లగా ఉంది, ఇవ్వాళ అక్కడ పలచటి తెలుపు. కరెంటు వల్ల వచ్చే వాపు మామూలుగా వారాలూ నెలలూ గడిచాక, చాలావరకు కిరణాలు పోయిన దారిలోనే కనిపిస్తుందట. ఇది త్వరగా వచ్చింది, దారికి దూరంగా వచ్చింది. పూర్తి సీటీ తీస్తే నిమోనియా. కీమో పడుతున్న ఒంట్లో జ్వరం కూడా సరిగా బయటపడదు. మందులు మొదలుపెట్టి, కరెంటు కొన్నాళ్లు ఆపి, మళ్లీ ఇచ్చారు.

2020లో డెన్మార్క్ వైద్యులు కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి రోజూ తీసే ఇలాంటి బొమ్మల్లోనే కోవిడ్ మచ్చలు పసిగట్టారు.

ఎవరి స్వధర్మం వాళ్లు చూసుకోవాలి కదా, ఆ టెక్నీషియన్ పని గడ్డను సరిచూడటమే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఆ వాదనలో బలం ఉంది. ఆ బొమ్మ మసక, రోగం తేల్చడానికి తీసింది కాదు. కనిపించిన ప్రతి నీడకూ కేక పెడితే రోగి భయంతోనే చస్తాడు. పైగా మా బాయి మనుషుల ఊపిరితిత్తుల్లో దుమ్ము మచ్చలు, పాత టీబీ గుర్తులు ఎప్పటివో ఉంటాయి. ఏది పాతదో ఏది కొత్తదో ఒక్క బొమ్మతో తేలదు. నిన్నటిదాని పక్కన ఇవ్వాళ్టిది పెట్టాలి. ఆ వీలు రోజూ బొమ్మ తీసే ఆ గదిలోనే ఉంది.

అయినా నేను ఆమె పక్షమే. బాయిలో షిఫ్టుకు ముందు గ్యాస్ చూడటానికి పోయిన సర్దార్, కర్రతో తట్టినప్పుడు పైకప్పు ఖంగుమనకుండా డొల్లగా పలికితే, గ్యాస్ లేదని రాసి వెనక్కి రాడు. ఆ చోటికి మనిషిని పోనివ్వడు. ఆ అమ్మాయి నాతో జబ్బు పేరు చెప్పలేదు, చెప్పే అధికారం తనకు లేదని ఆమెకు తెలుసు. తేల్చగలిగినవాడికి చెప్పింది. స్వధర్మం హద్దు దాటకుండానే చూసిన రుణం తీర్చుకుంది. తేల్చే అధికారం లేదన్న మాట మౌనానికి సాకు కాదని నా నమ్మకం. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు, తేల్చలేనన్నాడు. ఆ మాటతో ద్రౌపదికి ఒరిగిందేమీ లేదు.

కరెంటు పెట్టే ప్రతి ఆసుపత్రిలోనూ ఆ రోజువారీ బొమ్మలో గడ్డతో పాటు రెండు ఊపిరితిత్తులనూ చూడాలని, తేడా కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు చేరాలని నియమం పెట్టాలి. మా కోల్‌బెల్ట్ నుంచి పోయే రోగులకు నా మనవి: దగ్గు, ఆయాసం, జ్వరం, ఆఖరికి నీరసమైనా సరే, అడిగేదాకా ఆగకుండా చెప్పండి.