ఆకాశపక్షులను చూచుట

వాక్యభాగములు: మత్తయి 6:25-34, ద్వితీయోపదేశకాండము 22:6, 7



రేపటి తిండికొరకు చింతించు జనులకు మన ప్రభువు ఆకాశపక్షులను చూపించెను. మనమును దినదినము వాటిని చూచుచున్నాము; అయితే కంకిమీద వాలిన పిట్టను తోలుటకే చూచుచున్నాము. నిదానించి చూచి నేర్చుకొనుడని ప్రభువు పిలుచుచున్నాడు.

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలములో నేలపట్టు అను పల్లె కలదు. అక్కడి చెరువులోని కడప చెట్లమీద ఏటేటా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను లేపును. 1976లో ప్రభుత్వము ఆ స్థలమును పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటించెను. శీతకాలమున అనేకులు వాటిని చూడవత్తురు. అట్టి నడకలో త్రోవ ఎరిగినవాడు ముందు నడచును. వెంట వచ్చువారు మాటలు మాని, అడుగుల చప్పుడు తగ్గించి నడువవలెను. ఈ నడకనుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, ఊరకుండుట. కేకలు వేయువానికి పక్షి కనబడదు. ఊరకుండి దేవుని తెలిసికొనుడని 46వ కీర్తన బోధించుచున్నది. మన ప్రార్థనలో ఆయన మాట వినుటకు ఎంత సమయ మిచ్చుచున్నాము?

రెండవది, దేవుని పోషణ. గూడబాతు పులికాటు సరస్సువరకు ఎగిరిపోయి, చేపలు పట్టి తెచ్చును. పిల్ల తన ముక్కును తల్లి గొంతుసంచిలో దూర్చి తినును. దేవుడు చేపను నీటిలో ఉంచెను గాని గూటిలో పెట్టలేదు. కాబట్టి చింత మానుమనగా పని మానుమని అర్థము కాదు. రెక్కలు మనవి, ఆహారము ఆయనది.

మూడవది, గూటిని ముట్టకుండుట. తల్లి బెదరి లేచిపోయినయెడల గ్రుడ్లు ఎండపాలగును, కాకులపాలగును. గనుకనే చూడవచ్చినవారిని దూరమున నిలుపుదురు. గూటిలో పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనవద్దని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. ఆలాగు చేయువారికి మేలును దీర్ఘాయువును వాగ్దానము చేసెను. నేలపట్టు గ్రామస్థులు ప్రభుత్వ ప్రకటనకు ముందునుండియే ఆ పక్షులను కాపాడుచు వచ్చిరి. రెట్ట కలిసిన చెరువునీరు తమ పైరుకు ఎరువని వారెరుగుదురు. వారిలో అనేకులు ఈ ఆజ్ఞను ఎన్నడు చదివియుండరు. ధర్మశాస్త్రము లేనివారు స్వభావముచేత దాని క్రియలను చేయుదురని పౌలు వ్రాసెను (రోమా 2:14). చదివిన మన సంగతి యేమి? మన చెరువుగట్టున వల పన్నువారెవరు? మన బిడ్డల చేతికి ఉండేలు ఇచ్చినవారెవరు? గూళ్లున్న చెట్టును నరుకునప్పుడు ఎవడైన తలయెత్తి పైకి చూచునా?

తండ్రులారా, తల్లులారా, ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సాయంకాలమున మీ పిల్లలను చెరువుగట్టుకు తీసికొనిపొండి. చేతిలో రాయి లేకుండ, నోట కేక లేకుండ కొంతసేపు నిలువుడి. ఆ పక్షులను పోషించువాడు మీ యింటి కొరతను ఎరిగియున్నాడని వారికి చెప్పుడి. పిచ్చుకను మరువని దేవుడు మనలను మరువడు.

ఆయన చేతిపనిని ప్రేమతో చూచు కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.