తాళం ఎవరికి?

కంప్యూటర్ భాషలకి నీతితో ఏం పని అని తెలుగు శాఖలో నా మిత్రురాలు అడిగింది. చాలానే ఉంది. ఒక భాషని తయారుచేసేవాళ్ళు, దాన్ని వాడబోయే మనిషిని ఎంతవరకు నమ్మాలో ముందే నిర్ణయించుకుంటారు.

1970ల మొదట్లో బెల్ లేబరేటరీస్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన 'సి' భాషనే చూడండి. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంని 1973లో ఈ భాషలోనే తిరగరాశారు. ప్రోగ్రామర్‌ని నమ్మాలన్నది సి స్వభావం. పది అక్షరాలకి చోటు అడిగి ఇరవై రాసినా అది అడ్డుపడదు. మిగతా పదీ పక్కనున్న మెమరీలోకి పోయి అక్కడున్నదాన్ని చెరిపేస్తాయి. యూనిక్స్ వరసా అంతే. ఫైలు తీసెయ్యమంటే మామూలుగా 'నిజంగానా?' అని అడగదు, తీసేశానని కూడా చెప్పదు. నీకు తెలుసు కదా, నీ ఇష్టం అన్నట్టుంటుంది.

ఈ ధోరణి నాకెంతో నచ్చింది. 'నీ మంచికే' అన్న మాట వింటూ పెరిగినదాన్ని మరి. నేను చదువుకున్న చోట ఆడపిల్లల హాస్టల్ గేటుకి సాయంత్రం ఆరున్నరకే తాళం పడేది. కంప్యూటర్ ల్యాబ్ మాత్రం రాత్రి పదిదాకా తెరిచే ఉండేది. ఎవరి కోసమో చెప్పక్కర్లేదు. అలాంటి చోట, దేనికీ వద్దనని ఒక భాష ఎదురైతే అది గౌరవంలాగే తోస్తుంది. ఆ గౌరవం ఇప్పటికీ నాకు ఇష్టమే. అయితే దాని ఖరీదు ఎవరు కడుతున్నారు?

1988 నవంబరులో మోరిస్ వర్మ్ వేలాది యూనిక్స్ యంత్రాల్లోకి పాకింది. అది దూరిన దారుల్లో ఒకటి, వచ్చేది ఎంత పొడుగుందో కొలవకుండా తీసుకునే 'గెట్స్' అనే ఫంక్షన్. సి ప్రామాణికంలోంచి దాన్ని తీసెయ్యడానికి 2011 దాకా పట్టింది! భాష నమ్మింది ప్రోగ్రామర్‌ని. నష్టపోయింది ఆ ప్రోగ్రాం ఎవరు రాశారో కూడా తెలియనివాళ్ళు. 'మగాడు, వాడికి తెలుసులే' అని వదిలేసిన ఇళ్ళలో ఈ లెక్క మనం చూడనిదా?

హాస్టల్ తాళం హాని జరగబోయే మనిషికి వేసింది. సి వెయ్యకుండా వదిలేసిన తాళం హాని చేయగల మనిషికి. రెండింటినీ 'ఆంక్ష' అనే ఒకే మాటతో కొట్టిపారెయ్యడం నాకు కుదరదు. 2015లో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చిన రస్ట్ భాష, మెమరీ విషయంలో తనకి అనుమానముంటే ప్రోగ్రాంని తయారే కానివ్వదు. తప్పనిసరైతే 'అన్‌సేఫ్' అని రాసి ఆ పని చేసుకోవచ్చు. తలుపు ఉంది, దాటినట్టు గుర్తూ ఉంటుంది, చదివినవాళ్ళెవరైనా చూడగలరు.

ఫోన్ దగ్గరికొస్తే నాకింత ధీమా లేదు. కొన్న మనిషికి కూడా దాని మీద పూర్తి అధికారం ఇవ్వరు. మీ భద్రత కోసమే అంటారు, అచ్చం మా వార్డెన్‌లాగే. కానీ భార్య ఫోన్‌లో గూఢచారి సాఫ్ట్‌వేర్ పెట్టాలనుకునే భర్తకి కూడా ఆ తాళమే కొంత అడ్డం. యజమానిని నమ్ము అందామంటే, యంత్రానికి తెలిసిన యజమాని పాస్‌వర్డ్ కొట్టిన మనిషే. మన ఇళ్ళల్లో ఆ పాస్‌వర్డ్ తెలియని భర్తలు ఎంతమంది?