క్షణం నిజమా, వరస నిజమా?

పలుగులూ పారలూ చేసే టాటా అగ్రికో పేరే జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేటకీ పేరు. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో రోజుని ముక్కలు చేసేది షిఫ్టు: ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ఎనిమిది గంటల పనిని ఇక్కడి ఉక్కు కంపెనీ 1912లోనే తెచ్చింది. ఆ కంపెనీ కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంట్లో గోడ మీద షిఫ్టు చూసుకునే గడియారం ఒకటి, సొంత ప్రాంతం నుంచి తెప్పించుకున్న పంచాంగం ఒకటి. రెండూ కాలాన్నే చెబుతాయంటారు. చెప్పేది ఒకే కాలాన్నా? గడియారం కొనుక్కుంటే ఈ ప్రశ్న రాకపోవచ్చు. సొంతంగా చేసుకోవడం మొదలుపెడితే తప్పించుకోవడం కష్టం.

అడుగు ఎత్తు అంకెలు కావాలంటే ఎల్‌ఈడీ స్ట్రిప్పుని ముక్కలు కోసి, ఒక్కో అంకెకి ఏడు గీతలుగా అంటించాలి. నాలుగు అంకెలకి 28 గీతలు. గడియారాన్ని నడిపే అర్డ్యూనో యూనో బోర్డుకి వాడుకోదగ్గ పిన్నులు 20. గీతకో పిన్ను ఇవ్వడం కుదరదు కాబట్టి ఏడు తీగలనే నాలుగు అంకెలూ వంతులవారీగా పంచుకుంటాయి. (కరెంటు మోయడానికి మధ్యలో ట్రాన్సిస్టర్లు పెట్టాలి, అది వేరే గోల.) బోర్డు మీది మైక్రోకంట్రోలర్ మొదటి అంకెని వెలిగిస్తుంది, ఆర్పుతుంది, రెండోదాని దగ్గరికి పోతుంది. సెకనుకి వంద చుట్లు తిరిగితే చాలు, కన్ను మోసపోతుంది. ఇంట్లోవాళ్లు 10:45 అని చదువుతున్నప్పుడు ఏ లిప్తలో చూసినా అక్కడ వెలుగుతున్నది ఒక్క అంకే. నాలుగూ కలిసిన సమయం గోడ మీద ఎన్నడూ లేదు. ఉన్నదల్లా చూసేవాళ్ల బుద్ధిలో.

యోగసూత్రాల మూడో పాదంలో క్షణం గురించిన సూత్రం దగ్గర వ్యాసభాష్యం పెట్టిన వాదం దీనికి ఎంత దగ్గరో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పరమాణువు తానున్న చోటు వదిలి పక్క చోటికి చేరడానికి పట్టేది క్షణం. రెండు క్షణాలు ఎప్పుడూ కలిసి ఉండవు. ముహూర్తం, పగలు, రాత్రి అనేవన్నీ బుద్ధి కూర్చుకున్న మూటలు. క్షణం వాస్తవం, కాలం అనేది మాటల వెంట పుట్టే ఊహ.

గడియారం గుండెలోనూ అదే తంతు. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే ఒకటి మిగులుతుంది; దాన్నే సెకనుగా లెక్కపెడతారు. స్ఫటికానికి సెకను తెలియదు, నిమిషం తెలియదు, సోమవారం అసలే తెలియదు.

వైశేషిక దర్శనం వాళ్లు ఇంత తేలిగ్గా ఒప్పుకోరు. ముందు, వెనుక, ఒకేసారి, ఆలస్యంగా, త్వరగా అని మనకి తోస్తుందంటే వాటన్నిటికీ ఆధారంగా కాలమనే నిత్యద్రవ్యం ఉండి తీరాలన్నది వాళ్ల పక్షం. వాళ్లకి సాక్ష్యం కూడా ఈ గడియారమే ఇవ్వబోతుంది. ఇలాంటివాటిలో సమయం లెక్కపెట్టడానికి వాడే డీఎస్3231 చిప్పు మంచిదే, అయినా ఏడాదికి నిమిషం దాకా తప్పవచ్చు. దేనితో పోలిస్తే తప్పు? న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నడిపే సీజియం గడియారాలతో. 1967 నుంచి సెకను అంటే సీజియం 133 వికిరణంలో 9,192,631,770 ఆవృత్తులు. అంటే అదీ మరో లెక్కే. ఒక కదలికని మరో కదలికతో సరిచూశాం తప్ప ద్రవ్యమేదీ చేతికి చిక్కలేదు. ఇక్కడిదాకా భాష్యకారుడిదే పైచేయి.

ఇక పంచాంగం సంగతి. దాని రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయంతో. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుంచి పోతుంది. జంషెడ్‌పూర్ దానికి తూర్పున, 86.2 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ సూర్యుడి లెక్క ప్రామాణిక సమయం కన్నా దాదాపు 15 నిమిషాలు ముందు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని నోటికి వచ్చినవాళ్లు, ఆరింటికి పొద్దు పొడుస్తుందన్న లెక్కే వల్లిస్తున్నారు. జూన్ నెలాఖరులో అగ్రికోలో సుమారు 5 గంటలకే పొద్దు పొడుస్తుంది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రాహుకాలమయ్యే రెండో భాగం 6:40 ప్రాంతంలో మొదలై ఎనిమిదిన్నర లోపే అయిపోతుంది.

ఏకాదశి ఇంకా చిక్కు. తిథి మారే ఘడియ అందరికీ ఒక్కటే. సూర్యోదయం ఊరూరికీ వేరు. జంషెడ్‌పూర్‌లో పొద్దు పొడిచాక, హైదరాబాదులో ఇంకా పొడవకముందు దశమి ముగిసిందనుకుందాం. పొద్దు పొడిచేటప్పటి తిథే లెక్క కాబట్టి హైదరాబాదు పంచాంగం ఆ రోజునే ఏకాదశి అంటుంది. అగ్రికోలో ఆ రోజు దశమితో తెల్లారింది.

ఏకాదశిని కూడా గడియారంలో చూపించాలంటే ప్రోగ్రాంలో ఊరి అక్షాంశం, రేఖాంశం రాయాలి. అవి దొరుకుతాయి. అంతటితో అయిపోదు: వైష్ణవ సంప్రదాయంలో సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు, దశమి తగిలినా ఆ ఏకాదశి ఉపవాసానికి పనికిరాదు. స్మార్తులకి సూర్యోదయమే లెక్క. ఆ ఇల్లు ఏ సంప్రదాయానిదో ప్రోగ్రాంలో మరో వరుస చేర్చి ఇంటివాళ్లే రాసుకోవాలి.